రూల్సు గంగప్ప

ధర్మవరంలో గంగప్పతో ఆట ఆడి ఓడిపోయిన మనిషి ఇంతవరకూ లేడు. అలాగని గంగప్ప చేతకాని ఆటగాడేం కాదు. ఎదుటివాడు ఓడిపోయేలా కనిపిస్తే చాలు, "ఆగప్పా, ఈడ రూలు తక్కువుండాది" అంటూ చెవి మీది పెన్సిల్ తీసి నోటుబుక్కులో కొత్త రూలు రాసేస్తాడు. మునిగిపోతున్నవాడు ఒడ్డున పడతాడు. ఆట మళ్లీ సాగుతుంది. ఊరంతా అతన్ని రూల్సు గంగప్ప అంటుంది.

అతని భార్య సుమలతకు మాత్రం ఇరవై ఏళ్లుగా ఒకటే కోరిక. మొదలుపెట్టిన ఆట ఒక్కటంటే ఒక్కటి ముగిస్తే చూడాలని.

గంగప్ప పని పట్టుచీరల మగ్గాలకు డిజైన్ అట్టలు కొట్టడం. చీర మీద నెమలి రావాలంటే ముందు అట్టల మీద బెజ్జాలు పడాలి. ఆ బెజ్జాలు కొట్టేది గంగప్ప. మగ్గం దిగిన పాత అట్టలు తెచ్చుకుని, ఒకదానికొకటి అతికించి, రంగులేసి, సొంతంగా ఒక ఆట తయారుచేశాడు. పేరు 'పెనుకొండ కోట'. బస్టాండులో బయలుదేరి కోట పైకి ముందెవరు ఎక్కితే వాళ్లు గెలిచినట్టు. పట్టుకు వేసే రంగుల్లో ముంచిన అగ్గిపుల్లలే పావులు. ఒకవైపు తెల్లగా అరగదీసిన చింతపిక్కలు విసిరి, ఎన్ని తెల్లగా పడితే అన్ని బెజ్జాలు పుల్ల గుచ్చుకుంటూ ఎక్కాలి. అంతే ఆట. దానికి నూటపన్నెండు రూల్సు.

ఒకసారి పాత అట్టలనుకుని, ఈరన్న మగ్గానికి పోవాల్సిన కొత్త అట్టలు ఓ ఇరవై ఆటలో అతికించేశాడు. నెమలి మెడ ఉన్నది సరిగ్గా ఆ ఇరవైలోనే. మిగిలినవి మగ్గమెక్కాయి. అర గజం నేశాక ఈరన్న చూసుకుంటే, అంచు పొడుగునా నెమళ్లకు తలలు తిన్నగా వీపు మీదే మొలిచి ఉన్నాయి.

"ఏమప్పా గంగప్పా, నా నెమళ్ల మెడలు యాడబ్బా?"

"ఈడుండాయి చూడు" అని గంగప్ప ఆటలో కోటగోడ చూపించాడు. "కూచో. ఒక ఆట ఆడి తీసుకోని పో."

ఈరన్న కోపంగా కూర్చున్నాడు, కోపంగా పిక్కలు విసిరాడు, కోపంగా వెనకబడ్డాడు. వెంటనే పెన్సిల్ చెవి మీంచి దిగింది. డెబ్బైమూడో రూలు: కోపంలో ఉండే మనిషికి రెండు బెజ్జాలు ఎక్కువ. ఆ దెబ్బతో ఈరన్న ముందుకు దూసుకుపోయాడు. మెడల సంగతి సాయంత్రం దాకా గుర్తే రాలేదు.

హిందూపురం బస్సులో అయితే ఇంకా ఘోరం. ఒళ్లో అట్ట పెట్టుకుని పక్కసీటు ఆయన్ని ఆటలోకి లాగాడు. ఆయన పెనుకొండ ఆఫీసులో గుమాస్తా. బస్సు పెనుకొండలో ఆగింది, బయలుదేరింది, ఆయన మాత్రం ఇంకా కోట ఎక్కుతూనే ఉన్నాడు. తల ఎత్తేసరికి హిందూపురం.

"అయ్యో, నేను దిగాల్సింది పెనుకొండ గదప్పా!"

"దిగినావు గదన్నా. చూడు, నీ పుల్ల పెనుకొండలోనే ఉండాది" అన్నాడు గంగప్ప. తర్వాత మనసొప్పక యాభైఎనిమిదో రూలు రాశాడు: దిగాల్సిన ఊరొస్తే ఆట మధ్యలో లేసి పోవచ్చు, ఓడినట్టు కాదు.

ఇదంతా సుమలత నవ్వుతూనే భరించింది. కానీ ఈ మధ్య మగ్గాలకు కంప్యూటర్ పెట్టెలొచ్చి, అట్టలు కొట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. చేతిపని ఇంకెన్నాళ్లుంటుందో తెలియదు. ఆట అయినా అమ్ముడుపోతే బాగుండునని ఆమె దిగులు. అలాంటప్పుడు హిందూపురంలో బొమ్మల అంగడి నడిపే గీతాంజలి ఇంటికొచ్చి ఆట చూసింది.

"ఆట శానా బాగుండాదన్నా. నూరు పెట్టెలు పెడతా. కానీ ఈ నోటుబుక్కంతా ఎవరు చదువుతారు? రూల్సు ఒక్క పేజీలో రాసి గురువారం తెచ్చియ్యి. లేదంటే నా చేత కాదు."

ఆమె వెళ్లాక గంగప్ప తల పట్టుకున్నాడు. "ఏది కొట్టేసేది మే? అన్నీ కావల్సినవే."

"నీ వల్ల కాదులే. బుక్కు ఇట్లియ్యి" అంది సుమలత.

బుధవారం మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంది. చూస్తూ ఉండలేక గంగప్ప ఈరన్న ఇంటికి పారిపోయాడు. కొత్తవైతే అవసరం తక్కువని ఆమె చివర్నుంచి మొదలుపెట్టింది.

నూటపన్నెండు: అందరూ పిక్కలు లోటాలో ఏసి గిలకరించాల. చేత్తో విసరగూడదు.

కొట్టేద్దామనుకుని ఆగింది. పక్కింటి నాగేంద్రమ్మ అవ్వకు చెయ్యి వణుకుతుంది. ఆ చేతిని కొంగు కింద దాచుకుని "నేనాడనులేప్పా" అనేది. లోటా వచ్చాక అవ్వే అందరికంటే ముందు వచ్చి కూర్చుంటోంది. సుమలత ఆ రూలును వదిలేసింది.

నూట నాలుగు: ప్రతి పుల్ల తల ఒక్కో తీరుగా విరవాల. రంగు పేరుతో అడగగూడదు.

ఇదెందుకో అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. రంగుల మారుతి! ఊరి పట్టుకు రంగులేసే మారుతి, ఎరుపనుకుని ఆకుపచ్చ పుల్ల మీద చెయ్యేసి అందరి ముందూ బిక్కమొహం వేసిన రోజు ఆమెకు గుర్తుంది. గంగప్ప ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు, రూలు రాసి ఊరుకున్నాడు. ఊళ్లో సగం చీరల రంగుల మీద సుమలతకు ఇప్పుడు అనుమానం మొదలైంది. అయినా ఆ రూలూ వదిలేసింది.

ఎనభైతొమ్మిది చదువు రాని ఎస్తేరమ్మ కోసం. అరవైరెండు చెవులు వినపడని రంగయ్య కోసం. పేజీలు తిరుగుతున్నాయి గానీ ఎర్ర పెన్ను మూత ఇంకా తియ్యనేలేదు. రెండో రూలు దగ్గర మాత్రం తీసింది. 'ఆట చేసినోడు గెలవగూడదు' అని ఉంది. దాన్ని ఆనందంగా కొట్టేసింది.

ఇక మిగిలింది ఒకటో రూలు. పెన్సిల్ రాత మాసిపోయింది. పెళ్లయిన ఏడాది గంగప్ప రాసిన రూలు అది.

వంటింట్లోకి లేసి పోయినోళ్ల వంతు వాళ్లదే. వాళ్లొచ్చేదాకా ఎవరూ పిక్కలు ముట్టగూడదు.

కొత్తకోడలుగా ఆమె ఆటకు కూర్చుంటే ఇంట్లో నిమిషానికొకరు "నీళ్లు తే", "పొయ్యి చూడు" అనేవాళ్లు. తిరిగొచ్చేసరికి ఆమె పుల్ల ఉన్నచోటే ఉండేది. అత్తామామలతో సహా అందరూ చేతులు కట్టుకుని, ఆవులిస్తూ కాచుకుని ఉండేవాళ్లు. ఈ ఇంటివాళ్లు ఆట కూడా ఎంత నిదానంగా ఆడతారో అనుకుంది అప్పట్లో తను. ఇరవై ఏళ్ల తర్వాత ఇప్పుడు అసలు సంగతి తెలిసి ఆమెకు నవ్వొచ్చింది. ఈ మనిషితో గొడవ పెట్టుకోవడానికి కూడా కుదరదే అనుకుంది.

గంగప్ప వచ్చి గడపలోనే ఆగాడు. "ఎన్ని కొట్టేసినావు?"

"ఒకటి."

"అయితే పేజీ ఎట్ల సరిపోతాదే?"

సుమలత కాగితం చేతికిచ్చింది. ఎలా ఎక్కాలో చెప్పే నాలుగు రూల్సు. ఐదోది ఆ వంటింటి రూలు. ఆరో అంకె పక్కన ఖాళీ గీతలు. వాటి కింద ఆమె అక్షరాలు: 'మీ ఆటలో ఎవరు ఓడిపోతాండారో చూసి, ఈ రూలు మీరే రాసుకోండి.'

గంగప్ప రెండుసార్లు చదివాడు. "శానా చిన్నదైపాయె" అని గొణిగాడు, కానీ కాగితం మాత్రం మడత పడకుండా పట్టుకున్నాడు.

గురువారం గీతాంజలి అది చదివి, వెంటనే నూరు పెట్టెలకు ఒప్పుకుంది. సాయంత్రం ఇల్లు చేరగానే సుమలత అట్ట పరిచింది.

"రా, ఆడదాం. కొత్త రూలు మాత్రం రాయగూడదు."

"రాయనులే."

మధ్యలో కుక్కర్ కూసింది, ఆమె లేచి వెళ్లింది. వచ్చేసరికి గంగప్ప చేతులు కట్టుకుని బుద్ధిగా కాచుకుని ఉన్నాడు. ఆట సాగింది. సుమలత పుల్ల కోట చివరి బెజ్జం ముందుకొచ్చింది. గంగప్ప పుల్ల ఇంకా బస్టాండు దగ్గరే. ఒక్క పిక్క తెల్లగా పడితే చాలు, ఇరవై ఏళ్ల కోరిక తీరిపోతుంది. లోటా చేతిలోకి తీసుకుని సుమలత మొగుడి మొహం చూసింది. అతను బలవంతాన నవ్వుతున్నాడు.

ఆమె లోటా కింద పెట్టి, అతని చెవి మీది పెన్సిల్ లాక్కుంది.

"ఆగయ్యా, ఈడ రూలు తక్కువుండాది."