బానెట్ ముందు ఇద్దరు తమ్ముళ్లు

ఈ రోజు పొద్దున దీపం పెట్టి, జపమాలతో వసారాలో కూర్చున్నాను. పొలం పంపకాల నుంచి మాటల్లేని నా తమ్ముళ్లిద్దరూ నాన్న పాత అంబాసిడర్ బానెట్ ఎత్తి నిలబడ్డారు. రేపు కమలాపురం పెళ్లికి అందులోనే పోవాలని అమ్మ పట్టు. పెద్దవాడు కార్బురేటర్ స్క్రూ తిప్పుతుంటే చిన్నవాడు ఇగ్నిషన్ టైమింగ్ మారుస్తున్నాడు. ఒకరు సరిచేసింది ఇంకొకరు చెడగొడుతున్నారు. ఇద్దరి మధ్య మూరెడు దూరం. మాటలు మాత్రం నా మీదుగానే.

“అక్కా, టైమింగ్ ముట్టుకోవద్దని చెప్పు వానికి.”

“ఆ స్క్రూ ఇడిసిపెడితే నేనూ ముట్టనని చెప్పక్కా.”

జపం ఆపి ఇద్దరికీ చెప్పాను. అంతలో సైలెన్సర్ ఢామ్మని పేలింది.

“యాడ చూస్తాండావురా? ఎనక్కి తిప్పు!” అని అరిచాడు పెద్దవాడు.

“ముందు నువ్వు పెట్రోలు తగ్గించన్నా, అంతా తెలిసినోని మాదిరి!” అన్నాడు చిన్నవాడు.

అమ్మ కంగారుగా బయటికి వచ్చింది. “కొట్లాడుకుంటాండారు” అన్నాను.

“మాట్లాడుకుంటాండార్లేవే” అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

కొడుకుల పోట్లాటకు ఇంత సంతోషించే తల్లి మీ ఇంట్లోనూ ఉందా?

సాయంత్రం అమ్మా, మరదళ్లూ, నేనూ కూర్చుని తేల్చాం. రేపు అందరం బస్సులో పోతాం. కారును మాత్రం మెకానిక్‌కు చూపించేది లేదు.