కొంగు అట్టలతో కట్టిన తోరణం

మా దుకాణం దీపావళి తోరణానికి మూడు తలలు పగిలాయి. మొదటిది నాది. రెండోది మగ్గాల వీధిలో ఉండే ఒక నేతగాడి భార్యది. మూడోది ఆ నేతగాడి తమ్ముడిది. నేను అందంగా ఉంటుందని కత్తిరించి వేలాడదీసినవి, మగ్గం మీద సగంలో ఆగిపోయిన ఒక పెళ్లిచీర కొంగుకు కావలసిన అట్టలు. ఆ సంగతి నాకు తెలియదని చాలా రోజులు అందరికీ చెప్పుకున్నాను. సగం తెలుసు. మిగతా సగం తెలుసుకోకుండా జాగ్రత్తపడ్డాను.

గద్వాలలో మాది కిరాణా దుకాణం. నడక రాకముందే నాకు తూకం వచ్చిందని మా నాయన కొనేవాళ్లతో చెబుతుంటాడు. అది అబద్ధమే గాని, దుకాణానికి మంచి పేరు తెచ్చే అబద్ధం కాబట్టి నేనెప్పుడూ దిద్దలేదు. ఇప్పుడు గల్లా ముందు నేనే కూర్చుంటాను. వీధిలో నన్ను వెనకాల బేరాలక్క అంటారు. ముందర కూడా అంటారు.

ఆ ఏడు ఎదురుగా ఉన్న బట్టల దుకాణం వాళ్లు దీపావళికి వారం ముందే తళతళలాడే ప్లాస్టిక్ తోరణాలు కట్టారు. వాళ్లను మించాలి, అంగడిలో మాత్రం ఏదీ కొనకూడదు. ఇదీ నా పంతం. చేత్తో కాగితపు తోరణం చేద్దామని కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే పాత సామాన్ల బండి అతను మా మెట్ల దగ్గర ఆగాడు. బండి మీద పాత ఇనుము, దాని మీద ఒక మూట. మూటలో జాకార్డు అట్టలు.

మా ఊళ్లో ఆ అట్టలు అందరికీ తెలిసినవే. మూరెడు పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు, ఒంటినిండా చిల్లులు. మగ్గం నెత్తిన ఉండే జాకార్డు మీద అవి ఒకదాని వెనక ఒకటి తిరుగుతాయి. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక్కో అట్ట బుటాలో ఒక్కో వరస. అరిగిపోయిన అట్టలతో మేం పొయ్యి రాజేస్తాం, కొట్టుకునే తలుపు సందులో దోపుతాం, ఎండాకాలం విసురుకుంటాం.

కాని ఆ మూటలోవి అరిగిపోలేదు. వాటిని వరసగా కుట్టిన దారం ఇంకా తెల్లగా ఉంది. ప్రతి అట్ట చివరా పెన్సిలుతో నంబరు వేసి ఉంది. ఇవి పనిలో ఉన్న అట్టలని చూడగానే అర్థమైంది. ఎవరివి అని అడగవచ్చు. అడిగితే సరుకు మీద మనసు పడిందని తెలిసిపోతుంది, ధర పెరుగుతుంది. మా నాయన నాకు నేర్పిన మొదటి పాఠం అదే. కాబట్టి అడగలేదు. మొహం చిట్లించాను.

"ఏందివి, గీ చెదలు పట్టిన అట్టలు ఎవరు కొంటరు?"

"చెదల్లేవక్కా, జర కండ్లు పెట్టి సూడు."

"కనబడే చెదలైతే నేనెందుకు చెప్త? లోపల తింటున్నయి."

"నీతోని బేరమాడే కన్నా ఈ బండి తోసుకుంట రాయచూరు పోవుడు నయం," అన్నాడు. అయినా పోలేదు. ఒక చాయపత్త పొట్లానికీ రెండు బిస్కెట్ పుడలకూ మూట దించి వెళ్లాడు. నేను గెలిచాననుకుని ఆ పూట ఒక ముద్ద ఎక్కువే తిన్నాను.

మూడు రోజులు పట్టింది తోరణానికి. ముందు కుట్టు దారం తెంపాను. బ్లేడు ఆనించి లాగితే కోడిమెడ తెగినంత సులువుగా తెగింది, అట్టలన్నీ నేల మీద చెల్లాచెదురయ్యాయి. మందం ఎక్కువ కావడంతో మామూలు కత్తెర లొంగలేదు. మా నాయన గోనెసంచులు కోసే పెద్ద కత్తెర తీశాను. నంబర్లున్న చివర తోరణంలో వికారంగా కనిపిస్తుందని రెండు వేళ్ల మేర నరికేశాను. ప్రతి అట్టకూ అంతే. బొటనవేలి మీద బొబ్బ లేచి, పగిలి, నెత్తురు కారినా కోస్తూనే పోయాను. పని అయ్యేసరికి నా చుట్టూ నరికిన తలల్లా అట్టముక్కలు పడి ఉన్నాయి. వాటినీ పారేయలేదు. పారేస్తే బేరాలక్కనెందుకవుతాను? వెనకవైపు ధరలు రాసి పప్పుల బస్తాల్లో, మిర్చి బస్తాల్లో గుచ్చాను. మిగిలినవి రేపటికి పనికొస్తాయని నూనె డబ్బాలో వేశాను.

మైదాపిండి ఉడికించి లై చేశాను. ఒక్కో అట్ట వెనక ఎర్ర, పచ్చ, పసుపు గ్లేజ్ కాగితం అంటించాను. రంగు రంగుకూ వేరు చేసి, సుతిలి తాడుకు పైచివర మడిచి వరసగా అతికించాను. మా దుకాణం నుంచి ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం దాకా రెండు వరసలు వచ్చాయి. వాటి వెనక సీరియల్ బల్బులు.

దీపావళి సాయంత్రం పూజకు మా నాయన పాత ఇనుప తూకపురాళ్లు కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టాడు. ఇప్పుడు తూచేది కరెంటు కాటా మీదే అయినా లక్ష్మి ముందు కూర్చునేది ఆ రాళ్లూ, ఇత్తడి తరాజే. బల్బులు వేయగానే వేల చిల్లుల్లోంచి రంగు చుక్కలు వీధిలోకి దూకాయి. నేల మీద, బండ్ల మీద, జనం చొక్కాల మీద చుక్కలే చుక్కలు. బట్టల దుకాణం ముందున్న వాళ్లంతా ఇటు వచ్చారు. అట్టలమ్మిన బండి అతను కూడా వచ్చి నోరు తెరుచుకుని చూశాడు. ఎవరో పెళ్లికి కిరాయికిస్తావా అంటే, గంటకింత అని చెప్పడం కూడా మొదలుపెట్టాను.

అప్పుడొచ్చారు మగ్గాల వీధి మొగుడూ పెళ్లామూ, మోటారు సైకిలు మీద. ఆమె మా దగ్గరే సరుకులు తీసుకునే మనిషి. అరకిలో చక్కెర అడిగింది. నేను పొట్లం కడుతుంటే ఆమె మొగుడు బండి దిగి తోరణం కింద నిలబడ్డాడు. చెయ్యెత్తి ఒక అట్ట పట్టుకుని, కళ్లులేనివాడు మొహం తడిమినట్లు చిల్లుల మీద వేలు నడిపించాడు. ఇంకో అట్ట. ఇంకోటి.

"ఇది రెక్క," అన్నాడు. "ఇది తోక. ఏమేవ్, గిటు రా. మన హంసలు గీడున్నయి."

ఆమె తలెత్తి చూసి నా వైపు తిరిగింది. "యాడియే ఇవి?"

"బండాయన కాడ కొన్న. నావి."

"పెండ్లిచీర మగ్గం మీదున్నది. ఒళ్లంత నేసినం, కొంగొక్కటే ఉన్నది. వారం దినాల సంది అటకలన్ని దేవులాడుతున్నం. నువ్వు గిట్ల కోసినవా?"

నోరు మూసుకోవాల్సిన చోట మూసుకోవడం బేరంలో రెండో పాఠం. అది నాకు ఒంటబట్టలేదు. "కొయ్యకుంట తోరణమెట్లయితది?" అన్నాను.

లక్ష్మి ముందున్న కిలోరాయి ఆమె చేతికెప్పుడు వచ్చిందో చూడలేదు. నుదుటి మీద పడ్డప్పుడు మాత్రం అది కచ్చితంగా కిలోనే అని తెలిసింది. కళ్లలోకి వేడిగా కారింది. నేనూ ఊరుకోలేదు. తరాజు పళ్లెం గుంజి విసిరితే దాని అంచు ఆమె కనుబొమ్మ పైన చీరేసింది. ఆమె బల్ల దాటి వచ్చి నా జుట్టు చేతికి చుట్టుకుంది. నేను ఆమె మణికట్టు కొరికాను. నోట్లో ఉప్పగా తగిలేదాకా వదల్లేదు. బయట పటాకుల మోతకు మా కేకలు ఎవరికీ వినబడలేదు. వినబడ్డవాళ్లు ఆపలేదు. మా నాయన షట్టరు సగం కిందికి గుంజాడు. కూతురు ఏమైనా ఫరవాలేదు, సరుకు లోపల ఉండాలి.

పడిపోతూ నేను తోరణం తాడు పట్టుకున్నాను. ఆమె నన్ను పట్టుకుంది. తాడు తెగి తోరణం ఒక కొస పూజ దీపాల మీద పడింది. గ్లేజ్ కాగితం భగ్గుమంది. అప్పటిదాకా మమ్మల్ని పట్టించుకోని ఆమె మొగుడు ఒక్క అంగలో లోపలికొచ్చి, మా ఇద్దరినీ తొక్కుకుంటూ పోయి, ఉత్త చేతులతో మంట అదిమాడు. చర్మం కాలిన వాసన వచ్చింది. మూడు అట్టలు బూడిదయ్యాయి. మిగిలినవన్నీ దక్కాయి.

ఆ అరచేతులు అలాగే పట్టుకుని జనంలో ఉన్న బండి అతన్ని అడిగాడు, మెల్లగా. "నీకెవరమ్మిన్రు?"

"నాకేం తెల్వదన్నా. నీ తమ్ముడే ఇచ్చిండు, పాత ఇనుముతోని."

మాట పూర్తికాకముందే ఆయన మోటారు సైకిలు అక్కడే వదిలి ఇంటివైపు పరుగెత్తాడు.

దవాఖానాలో ఆమెను, నన్ను ఒకే బల్ల మీద కూర్చోబెట్టారు. ఇద్దరి మొహాలకూ గుడ్డలు అదిమిపెట్టారు. కాసేపటికి తలకు తువ్వాలు చుట్టుకున్న తమ్ముణ్ని ఆటోలోంచి దించారు. తువ్వాలు తడిసి చొక్కా మీదికి కారుతోంది. దించింది అన్నే. మగ్గం కర్రతో కొట్టిందీ, ఎత్తుకొచ్చిందీ ఆ కాలిన చేతులే.

"ఏమైందమ్మా?" అని నర్సు నన్నడిగింది.

"మెట్ల మీద పడ్డ."

"నువ్వు?"

"నేను గూడ," అంది ఆమె.

నర్సు మూడో తల వైపు చూసింది. "మెట్లే," అన్నాడు తమ్ముడు.

"ఊరంతటికి ఒక్కటే మెట్లున్నట్టున్నయి. రేపు పోయి కూలగొట్టుండ్రి," అని సూదికి దారం ఎక్కించింది నర్సు.

కుట్టు పడుతుంటే తమ్ముడు పళ్ల సందులోంచి మాట్లాడాడు. "ఇల్లు పంచమంటే పంచవైతివి. నాయిన అట్టలల్ల నాకు పాలు లేదా?"

"పాలు గావాల్నా? మగ్గం నీ నెత్తినేస్త, మోసుకపో!" అని అన్న మళ్లీ మీదికి వచ్చాడు. నర్సు అరిచేసరికి గోడను గుద్ది ఆగాడు. గోడ మీద తడి మరక మిగిలింది.

పక్కనున్న ఆమె నా వైపు చూడకుండానే చెప్పింది. "పెద్దమందడి ఊరోళ్ల పిల్ల చీర. కార్తీకంల లగ్గం. మా మామ చేసిన హంసల కొంగు చూసే ఒప్పుకున్నరు. దానికి నకలు లేదు. కొంగు లేదంటే మల్ల మా ఇంటికి ఎవరొస్తరు చీరలకు?" అప్పుడు నా వైపు తిరిగి అడిగింది. "నంబర్లేడ పారేసినవే?"

"పారెయ్యలె," అన్నాను. ఇంత సిగ్గుపడుతూ నిజం చెప్పడం నాకు అదే మొదటిసారి. "పప్పుల బస్తాలల్ల ఉన్నయి."

మర్నాడు పొద్దున్నే ఆమె వచ్చింది. కట్లు కట్టుకున్న ఇద్దరం తలుపు దగ్గరేసి బస్తాలు కుమ్మరించాం. మిర్చి బస్తా కదపగానే ఘాటు లేచి కుట్లలోకి దూరింది. ఇద్దరం నేల మీద కూర్చుని, ఒకరినొకరు తిట్టుకుంటూ ఏడ్చాం.

"నీ చేతులు పడిపోను, చక్కగ కొయ్యనీకె గూడ రాదా నీకు?"

"రాదక్కా. చక్కగ కోసుంటే ఇయ్యాల నీకు దొరుకుతుండెనా?"

అది నిజమే. ఒక్క కోతా తిన్నగా లేదు. ప్రతి కోతకూ దాని వంకర దానికే ఉంది. నంబరు ముక్కను ఒక్కో అట్టకూ ఆనించి చూస్తే, తన జోడు దగ్గర మాత్రమే రెండు అంచులూ అతుక్కునేవి. మూడు రోజుల్లో కోసిందాన్ని అయిదు రోజుల్లో జతచేశాం. ఈ మధ్యలో ఆమె నన్ను రెండుసార్లు కొట్టింది. ఒకసారి తొమ్మిదిని ఆరు అన్నందుకు, ఒకసారి ఊరికే.

జతపడ్డ ప్రతి అట్టనూ కొత్త అట్ట మీద పెట్టి, గుడ్డ చుట్టిన చేతులతో ఆయన చిల్లులు కొట్టాడు. మగ్గాల వీధిలో పొద్దంతా ఆ సుత్తి దెబ్బలే. ప్రతి దెబ్బ నా నుదుట్లో మోగేది. కాలిపోయిన మూడింటి చోటు మాత్రం ఖాళీగా మిగిలింది. మా కర్మకు ఆ మూడూ వరసవే. హంస మెడ మధ్యలోవి.

చీర దింపిన రోజు, పెద్దమందడికి పోతూ ఇద్దరూ దుకాణం ముందు ఆగారు. ఆమె కొంగు విప్పి బల్ల మీద పరిచింది. జరీ హంసలు బారులు తీరి ఉన్నాయి. రెక్కలు, ముక్కులు, తోకలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ప్రతి హంసకూ మెడ మధ్యలో మాత్రం కొంచెం లావు, దెబ్బ తిని వాచినట్టు.

"ఆ మూడు నాకు యాదికి రాలె," అన్నాడు ఆయన. "అందాజ మీద కొట్టిన. వాడైతే చెప్తుండె. చిన్నప్పుడు నాయిన పక్కన కూసోని కొట్టింది వాడే."

ఆ తమ్ముడు తల కట్టుతోనే రాయచూరు బస్సెక్కాడని అప్పటికే వీధంతా తెలుసు.

"ఫోన్ల అడగకపోతివా అన్నా?"

"తలకాయ పగలగొట్టి, మెడ యాది చేసుకోర అని ఎట్లడుగుదు?"

అయినా పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది? నా వేలు దానంతట అదే ఆ వాపు మీదికి పోయింది, నోరు దానంతట అదే తెరుచుకుంది. "గిసొంటి మచ్చ ఉంటె కొనేటోళ్లు..."

ఆమె కిలోరాయి తీసి బల్ల మీద నా ముందర పెట్టింది. "చెప్పు. కొనేటోళ్లు?"

"ఏం లేదక్కా. మంచిగున్నది."

పొద్దుగూకే వేళకు తిరిగొచ్చారు. చేతుల్లో చీర సంచి లేదు. ఆమె ఆ రోజు ఆగిపోయిన అరకిలో చక్కెర అడిగింది. కాటా మీద కొంచెం ఎక్కువే వేసి పొట్లం కట్టాను.

"తీస్కున్నరా?"

"తీస్కున్నరు. పిల్ల తల్లి మాత్రం కొంగు దగ్గరికి పెట్టుకోని చూసింది. హంసల మెడలు గిట్లెందుకున్నయి అన్నది."

"నువ్వేమన్నవ్?"

ఆమె పొట్లం సంచిలో వేసుకుంది. కనుబొమ్మ పైన కుట్లు ఇంకా నల్లగా కనబడుతున్నాయి.

"మెట్ల మీద పడ్డయన్న."