పైవాడి ఆకలి

కట్టుబడి జరుగుతున్న ఆ చోట అందరూ అతన్ని పైవాడు అనే పిలిచేవారు. టవర్ క్రేన్ నడిపే మనిషి. పొద్దున్నే నిచ్చెన ఎక్కి ఆ అద్దాల గదిలో కూర్చున్నాడంటే సాయంత్రానికి గాని నేల మీద కాలు పెట్టడు. ఇనుప కడ్డీలు అందడం ఆలస్యమైతే మేస్త్రీలు తలెత్తి చూసి, పైవాడి దయ ఎప్పుడు కలుగుతుందో అని నవ్వుకునేవారు. ఆ పేరు అతనికీ ఇష్టమే. కాంక్రీటు నింపిన తొట్టిని గాలిలో ఊగనివ్వకుండా తెచ్చి, చెయ్యి చాచిన మనిషి ముందు పసిపిల్లను దించినట్టు దించుతాడని పేరు తెచ్చుకున్నాడు.

కింద నిలబడి వాకీటాకీలో దారి చెప్పేవాడు అతని బావమరిది. "బావా, కొంచెం ఎడమకి. ఇంకాస్త. చాలు." రోజంతా వాళ్లిద్దరి మధ్య నడిచే మాటలు అంతకు మించి ఉండేవి కావు.

ఇంట్లో భార్య, అత్తగారు. భార్య బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి వెళ్లేది కాబట్టి వంటంతా అత్తగారిదే. మామగారు పోయాక ఆమె కూతురి దగ్గరికి వచ్చింది. వచ్చిన కొత్తలో ఎవరికీ అడ్డు రాకుండా మంచం చివర ఒదిగి కూర్చునేది. ఒకరోజు ఆమె వండిన కూరతో అల్లుడు మారు అన్నం అడిగి పెట్టించుకున్నాడు. ఆ పూట నుంచి ఆమె మాటలో కొంచెం బలం వచ్చింది, నడకలో చురుకు వచ్చింది. అతని క్యారియర్‌లో పై గిన్నెలో అన్నం, అడుగు గిన్నెలో అన్నం, నడుమ ఊపిరాడకుండా ఇంత కూర. అది చాలదన్నట్టు మధ్యలో ఆకలేస్తే ఉంటాయని రొట్టెల పొట్లం ఒకటి. అతను ఏదీ మిగిల్చేవాడు కాదు.

ఏటా చేసే వైద్య పరీక్షలో ఆ సంవత్సరం చక్కెర బాగా ఎక్కువ వచ్చింది. బరువు సంగతి అద్దమే చెబుతోంది. మూడు నెలల్లో తగ్గకపోతే క్రేన్ ఎక్కడానికి తాను ఒప్పుకోనని డాక్టరమ్మ నిక్కచ్చిగా చెప్పింది. మాత్రలు రాసి, అన్నం, రొట్టె, తీపి బాగా తగ్గించమంది. ఏం తినాలో పక్క గదిలో ఒకామె వివరంగా చెబుతుంది, తప్పకుండా కలిసి వెళ్లమంది. అతను పక్క గది వైపు చూడకుండానే బయటికి వచ్చేశాడు. తగ్గించమన్నారు, తగ్గిస్తే సరిపోతుంది, దానికి ఇంకొకరు చెప్పేదేముంది అనుకున్నాడు.

ఇంట్లో చక్కెర మాట ఎత్తలేదు. పని పోతుందేమోనన్న భయం నోటితో అంటే నిజమైపోతుందనిపించింది. ఒళ్లు తగ్గాలి, రేపటి నుంచి నాకు అన్నం వద్దు, రొట్టె వద్దు అని మాత్రం చెప్పాడు. అత్తగారు అలాగే బాబూ అంది. తన చేతి వంట అల్లుడికి మొహం మొత్తిందని, చెప్పలేక ఒంటి మీద నెపం పెట్టాడని ఆమె అనుకుంది.

క్యారియర్ స్థానంలో చిన్న డబ్బా వచ్చింది. అందులో దోసకాయ ముక్కలు, ఉడికించిన గుడ్డు ఒకటి. అది ఎక్కడికి పోయిందో తెలిసేది కాదు. ఎండ పైకి రాకముందే ఆకలి కరకరలాడేది. నీళ్లు తాగేవాడు. మళ్లీ తాగేవాడు. చేతులు సన్నగా వణికేవి. బావమరిది దారి చెబుతుంటే, నాకు తెలుసులే అని కసురుకునేవాడు. ఇరవై ఏళ్లలో ఎవరినీ కసరని మనిషి అలా చిటపటలాడేసరికి కింద వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకునేవారు. సాయంత్రం దిగగానే వీధి మలుపులో ఉన్న బేకరీ దగ్గర నిలబడి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, వేడి బన్నులు గబగబా మింగేవాడు. ఇంటికి వెళ్లి నాకేం వద్దు, ఆకలి లేదనేవాడు. అత్తగారి మనసు ఇంకాస్త చివుక్కుమనేది.

ఒక మధ్యాహ్నం గాలి ఎక్కువై పని కాసేపు ఆపారు. అతను సీట్లో వెనక్కి వాలాడు. వాకీటాకీ తొడ కింద పడి, దాని మీట నొక్కుకుపోయింది. ఆ సంగతి అతనికి తెలియదు. కింద అందరి చేతుల్లోని వాకీటాకీల్లోనూ అతని గొంతు వినబడసాగింది.

"ఒక్క ముద్ద... ఒక్క ముద్ద వేడన్నం. అత్తయ్య చేత్తో పెట్టింది."

కడ్డీలు కట్టేవాళ్లు ఫక్కున నవ్వారు. ఎవరో పైవాడికి నైవేద్యం కావాలట అన్నాడు. కానీ గొంతు ఆగలేదు. తనలో తానే, అలసిపోయిన మనిషి మాట్లాడుకున్నట్టు సాగింది.

"చక్కెర దిగకపోతే నన్నే దించేస్తారు. కిందికి దిగితే నేనెవర్ని? నాకింకో పని రాదే. కళ్లు తిరుగుతున్నాయి. ఇది ఎవరికి చెప్పుకోను?"

నవ్వినవాళ్లు నోళ్లు మూసుకున్నారు. బావమరిది అప్పటికే నిచ్చెన వైపు పరుగెత్తుతున్నాడు.

సూపర్‌వైజరూ విన్నాడు. అతను కేకలేయలేదు. బావమరిది పైవాణ్ని నింపాదిగా కిందికి తీసుకొచ్చాక నీడలో కూర్చోబెట్టి, కళ్లు తిరిగే మనిషి చేతిలో అంత బరువు పెట్టలేనని, డాక్టరమ్మ సరేననేవరకు కిందే పని చేయమని చెప్పాడు. దేనికైతే భయపడ్డాడో అదే జరిగింది.

ఆ సాయంత్రం బావమరిది ఇంటికి వచ్చి తల్లికీ అక్కకీ అంతా చెప్పాడు. ఇక దాచి లాభం లేక, డాక్టరమ్మ వెళ్లమన్న పక్క గదికి వెళ్లకుండా వచ్చేసిన సంగతి పైవాడు కూడా చెప్పేశాడు. భార్యకు ముందు కోపం వచ్చింది. నాతో అనకుండా గాలితో చెప్పుకున్నారా అని కళ్లు తుడుచుకుంది. అత్తగారు లేచి వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"నా వంట నచ్చక మానేశారనుకున్నాను బాబూ."

"నచ్చకపోవడమేంటి అత్తయ్యా. అది నచ్చే కదా ఇంతదాకా తెచ్చుకున్నాను."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "రేపు ఆ పక్క గదికి నేనూ వస్తాను. వండేది నేను కదా, నాకు చెప్పమనండి" అంది.

పక్క గదిలో ఉన్నది చిన్న వయసు అమ్మాయి. ఓపిగ్గా అంతా విన్నది. రోజూ తినేవన్నీ అడిగింది, బన్నుల సంగతితో సహా. అతను తల వంచుకుని చెప్పాడు.

"మీరు తీసేశారు గాని, ఆ చోట ఏమీ పెట్టలేదండీ. ఖాళీ కడుపు ఊరుకోదు కదా" అంది ఆ అమ్మాయి.

అన్నం, రొట్టె తగ్గినప్పుడు గుడ్లు, చేప, కోడి మాంసం, పెరుగు లాంటివి పెరగాలని, అవి నెమ్మదిగా అరుగుతాయి కాబట్టి కడుపు నిండుగా ఉంటుందని వివరించింది. ఆకుకూరలు, కూరగాయలు దండిగా ఉండాలి. కాస్త నూనె ఉంటే తప్పులేదు. నమిలి, నిదానంగా తినాలి. మాత్ర వేసుకుని తిండి మానేయడం వల్లే కళ్లు తిరిగి ఉండొచ్చని, డాక్టరమ్మకు చెప్పి మాత్ర మోతాదు మార్పించింది. అత్తగారు మధ్యమధ్య అడ్డుతగిలి, గుడ్డు పచ్చసొన తినొచ్చా, పల్లీలు ఎన్ని పెట్టాలి, అన్నం బొత్తిగా మానాలా అని అడిగింది. బొత్తిగా మానక్కర్లేదు, గుప్పెడు చాలని విన్నాక ఆమె మొహం విప్పారింది.

మళ్లీ క్యారియర్ బయటికి వచ్చింది. ఈసారి పై గిన్నెలో మసాలా పట్టించి వేయించిన చేప ముక్కలు, నడిమి గిన్నె నిండా ఆకుకూరలో గుడ్లు, అడుగున గట్టి పెరుగు. ఒక మూల గుప్పెడు అన్నం, చంటిపిల్లాడి వాటాలాగా. మొదటి రోజుల్లో ఆ గుప్పెడు కేసి బెంగగా చూసేవాడు. ఒక ఆదివారం అలిగి, నేను తిననుపో అని లేచిపోయాడు కూడా. అత్తగారు పట్టించుకోలేదు, గిన్నె మీద మూత పెట్టి తన పని చూసుకుంది. కాసేపటికి వచ్చి కూర్చున్నాడు. రెండు వారాలు గడిచేసరికి బేకరీ వాసన వచ్చినా కాళ్లు ఆగడం తగ్గింది. పూర్తిగా ఆగకుండా ఉన్నాయని చెప్పలేం.

కింద పని అతను భయపడినంత ఘోరంగా లేదు. కడ్డీల కట్టలకు తాళ్లు బిగించేవాడు. తన చోట వేరే కుర్రాడు క్రేన్ నడిపేవాడు. కొక్కెం నెత్తి మీదికి దిగివస్తుంటే ఎంత గుండె జారుతుందో అతనికి మొదటిసారి తెలిసింది. ఇన్నేళ్లూ ఆ నీడ కింద నిలబడి, చాలు బావా అని నిబ్బరంగా చెప్పిన మనిషిని తాను కసురుకున్నాడు. ఆ రోజు భోజనం దగ్గర చేప ముక్కల్లో పెద్దది తీసి బావమరిది గిన్నెలో వేశాడు. "నీకు బలం కావాలి బావా, నువ్వే తిను" అన్నాడు వాడు. ఇద్దరూ కాసేపు దాన్ని అటూ ఇటూ తోసుకుని, చివరికి చెరిసగం చేసుకున్నారు.

మూడు నెలల తర్వాత చక్కెర బాగానే దిగింది. ఇంకా దిగాలి గాని, ఇప్పటికి చాలంది డాక్టరమ్మ. ఎక్కవచ్చు, కానీ నెలనెలా వచ్చి చూపించుకోవాలి, తిండి వేళ తప్పకూడదు. భోజనానికి పని ఆపి తీరాలని సూపర్‌వైజర్ కూడా గట్టిగా చెప్పాడు.

వర్షాకాలం ముగిసేనాటికి పై అంతస్తు కప్పు వేయడం పూర్తయింది. ఆ సంతోషంలో సూపర్‌వైజర్ పెద్ద కేకు తెప్పించాడు. అందరూ పైవాడి వైపే చూశారు. అతను బొటనవేలంత ముక్క తీసుకుని, నాలుక మీద కరగనిచ్చి, చాలన్నాడు. ఇంటికి వచ్చాక దాచకుండా చెప్పాడు.

"బాగుందా బాబూ?" అని అడిగింది అత్తగారు.

"చాలా బాగుంది అత్తయ్యా."

"పోనీలెండి. చేతులు కడుక్కుని రండి. ఈ పూట కోడికూర చేశాను."