తెల్లవారుజాము కాని కొండ

అరవల మాసి నెలలో మూడో మంగళవారం, సాయంత్రం ఐదుంబావు. ఐదింటి మాత్ర మా ఆయన ఇంకా మింగలేదు. తిడదామని గడియారం చూశాను, అందుకే వేళ గుర్తుండిపోయింది.

ఒడుగత్తూరు దగ్గర మా చేలో గట్టు మీద జారిపడి ఆయనకు తుంటి ఎముక విరిగింది. వేలూరులో ఆపరేషన్ చేయించి, గుడియాత్తంలో మా కూతురింట్లో దిగాం. డాక్టరమ్మ దాచకుండా చెప్పింది, నెలలోపల నడక మొదలుపెట్టకపోతే కాలు బిగుసుకుపోతుంది, ఇక మంచమేనని. అప్పటికే ఇరవై రోజులు అయిపోయాయి. ఈయనేమో గోడవైపు తిరిగి పడుకుంటాడు. కర్ర ఇస్తే మంచం కిందికి తోసేస్తాడు. మళ్ళీ పడతానని భయం. ఆ మాట మాత్రం ఒప్పుకోడు.

నేను అరవై మూడో ఏట పలక పట్టినదాన్ని. "ఇప్పుడు చదివి కలెక్టరమ్మవి అయితావా?" అని నవ్విన మనిషి ఈయనే. ఆ రోజు ఊరికే కూర్చోలేక కూతురి పాత ఫోన్లో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'కొండల ఫోటోలు' అని కొట్టాను.

ఎన్ని వచ్చాయనుకున్నారు! మంచు కొండలు, ఇసుక తిన్నెలు, పొగమంచులో ఒంటి తాటిచెట్టు. ఇలాంటివి తీసి అందరూ చూడాలని పెట్టేవాళ్ళు ఉన్నారని అప్పటిదాకా నాకు తెలియదు. యాభై ఏళ్ళు కొండ పక్కన బతికాను. వాన పడుతుందా, కట్టెలు దొరుకుతాయా అని తప్ప దానివైపు చూసిన పాపాన పోలేదు. నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాను.

ఒకచోట ఎవరో తెలుగాయన ప్రతి ఫోటో కిందా ఊరు, వేళ రాసిపెట్టాడు. బంగారం పూసినట్టున్న కొండ ఒకటి కనిపిస్తే గట్టిగా చదివాను. "జవ్వాది కొండలు. ఆలంగాయం నుంచి. తెల్లవారుజాము."

గోడవైపు నుంచి గొంతు వచ్చింది. "యాడా? ఇట్లా తే."

ఫోన్ మొహానికి ఆనించుకుని చూశాడు. "అబద్ధం. ఇది సాయంత్రం."

"రాసినాయన పిచ్చోడా? నీకేం తెలుసు?"

"ఎద్దుల కోసరం ఆలంగాయం ఎన్ని తూర్లు పోయుంటా? ఆడ కొండ తూర్పున ఉండాది. తెల్లారి పొద్దు దాని ఎనకనించి లేస్తాది, మనవైపు నల్లగా ఉంటాది. మొగానికి ఎలుతురు పడిందంటే అది పడమటి పొద్దే."

నాకు అర్థమైంది. అయినా వదల్లేదు. "అచ్చులో ఉండాది కదయ్యా. చదువుకున్నోళ్ళు తప్పు రాస్తారా?"

"నాలుగక్షరాలు రాంగానే కళ్ళు పోయినాయా నీకు? ఈది చివర తూర్పున గుట్ట లేదా? ఇప్పుడు సాయంత్రమే కదా, పోయి చూడు, ఎట్ల మెరుస్తా ఉంటాదో!"

"నాకేం కనపడతాది? నువ్వే చూపీ."

కోపంతో కాళ్ళు కిందికి దించాడు. కర్ర కోసం చెయ్యి చాచాడు. మంచం కిందినుంచి లాగి అందించాను. నోరు తెరిస్తే మళ్ళీ పడుకుంటాడని భయం.

గడప దగ్గర ఆయన తూలాడు. అప్పుడే చెప్పుల ఫ్యాక్టరీ నుంచి వచ్చి వాకిట్లో చెప్పులు విడిచిన కూతురు "నాయనా!" అని టిఫిన్ డబ్బా వదిలేసి పరుగెత్తింది. "పట్టుకోవద్దు," అన్నాడు. ఎదురింటి అరవావిడ నీళ్ళ బిందెతో నిలబడిపోయి, "ఎన్నమ్మా, అయ్యా నడక్కిరారా!" అంది. "నడవడంలేదు, నాతో కొట్లాడతా ఉన్నాడు," అన్నాను.

వీధి చివరిదాకా వెళ్ళాడు, వెనకే మేమందరం. గుట్ట నిజంగానే ఫోటోలోలాగా మెరుస్తోంది. ఆయన రొప్పుతూ, "చూసినావా?" అన్నాడు. చూశాను. నేను చూసింది గుట్టను మాత్రమే కాదు.

"తప్పు దిద్దమని ఆ ఫోటోలాయనకు రాయి," అని అప్పటినుంచీ ఒకటే పోరు. రాశాను, కానీ ఆ సంగతి రాయలేదు. "నాయనా, మీ కొండలు చాలా బాగున్నాయి. మీరు చల్లగా ఉండాలి," అని మాత్రం రాశాను. ఒక వాక్యానికి అరగంట పట్టింది. తప్పు అలాగే ఉండనీ. ఇంకొకరింట్లో ఇంకో మొండిమనిషి మంచం మీద ఉండొచ్చు.

ఆ సాయంత్రం వీధి చివర ఉన్నవాళ్ళం: నేను, కర్ర మీద ఆనుకున్న మా ఆయన, చెప్పులు మరిచి వచ్చిన మా కూతురు, బిందె దించడం మరిచిన ఎదురింటావిడ.