జంటలో కనిపించనివాడు

చివరి రోజు కూడా నాన్న ఫ్లాస్కులో వేడినీళ్ళు నింపుకుని, మూత బిగించి, చెప్పులేసుకుని డ్యూటీకి బయల్దేరాడు. "బటన్లు నొక్కే ఉద్యోగానికి గొంతెందుకు ఎండుతుందో!" అంది అమ్మ, రోజూలాగే. నాన్న "ఊఁ" అన్నాడు, రోజూలాగే. సాయంత్రం బస్సు దిగుతుంటే ఆయన గుండె ఆగిపోయింది.

నాన్న నక్షత్రశాలలో ప్రొజెక్టర్ ఆపరేటరు. దీపాలార్పి, గుండ్రటి పైకప్పు మీద ఆకాశాన్ని చూపించడం ఆయన పని. ఇంట్లో "ఊఁ" తప్ప మరో మాట అరుదు. ఆయన వచ్చాడో లేదో అమ్మను చూసి తెలుసుకోవాల్సిందే. ఆయన కుర్చీలో ఉంటే ఆవిడ కాలు ఒకచోట నిలిచేది కాదు. మంచినీళ్ళు, తువ్వాలు, ఫ్యాను, మళ్ళీ మంచినీళ్ళు. "నేనొకదాన్ని ఇక్కడ తిరుగుతున్నానని అసలు తెలుసా మీకు?" అని అడిగేది. పెళ్ళయినప్పటి నుంచీ అదే ప్రశ్న. ఆ "ఊఁ"కు తెలుసని అర్థమో, విసిగించకని అర్థమో ఆవిడకు ఎప్పటికీ తేలలేదు.

నాన్న పనిచేసేచోటికి అమ్మ ఒక్కసారీ వెళ్ళలేదు. "చీకట్లో కూర్చోడానికి టిక్కెట్టు కూడానా? కరెంటు పోయినప్పుడు ఇంట్లోనే చూస్తున్నాగా" అనేది. నేను మాత్రం చిన్నప్పుడు బడి తరఫున వెళ్ళాను. ఇంటికొచ్చి, "నక్షత్రాల గురించి టేపులో చెప్పినాయన గొంతు భలే ఉంది నాన్నా" అన్నాను.

"ఊఁ" అన్నాడు.

ఆయన పోయాక, సామాను తెచ్చుకోవడానికి అమ్మా నేనూ నక్షత్రశాలకు వెళ్ళాం. టిక్కెట్ల గుమాస్తా ఫ్లాస్కు అందిస్తూ అమ్మను పరీక్షగా చూశాడు.

"ఆ నక్షత్రం మీరేనామ్మా?"

ఈయనకు మతి ఉందా అన్నట్టు అమ్మ నావైపు చూసింది.

"అదేనమ్మా, ఆకాశంలో జంట నక్షత్రాలుంటాయి కదా. ఓ జంటలో ఒకటి కృష్ణబిలం. వెలుగు బయటికి రాదు, కనిపించదు. రెండోది దాని చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. 'ఆ తిరిగేది మా ఆవిడ. ఆవిణ్ణి చూసే నేనున్నానని జనం కనిపెడతారు' అనేవారు సారు. హాలంతా ఒకటే నవ్వు!"

"ఆ ముక్క ఇంట్లో అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?" అంది అమ్మ. ఫ్లాస్కు మూత కాసేపు అటూ ఇటూ తిప్పింది. తర్వాత మెల్లగా, "ఆ టేపు ఒక్కసారి పెడతారా బాబూ?" అని అడిగింది.

"టేపెక్కడిదమ్మా? ప్రతి ఆటకీ ఆయనే మైకులో చెప్పేవారు. సాయంత్రానికి గొంతు ఎండిపోయేది, పాపం."