వార్డులో వంజరం బేరం

మొన్నొక ఉదయం మా వీధిలోకి చేపల ఆటో వచ్చింది. పైన కట్టిన మైకులో ఎవరో ఆడమనిషి గొంతు, ఎప్పుడో రికార్డు చేసిన గొంతు, వంజరం, చందువా, రొయ్యలు అంటూ ఒకే తీరుగా చెప్పుకుపోతూంది. కాఫీ గ్లాసు పక్కన పెట్టి గేటు దాకా వెళ్ళాను గానీ, నా మనసు అప్పటికే నెల్లూరు ఆసుపత్రిలో నేను కొత్తగా నర్సుగా చేరిన రోజుల్లోకి వెళ్ళిపోయింది.

మాది ఆడవాళ్ళ వార్డు. ఒక వరసలో ఉబ్బసం, ఆయాసం వాళ్ళు, ఎదురు వరసలో షుగరు, థైరాయిడు వాళ్ళు. అవ్వలకు వీపు వెనక దిండ్లు పేర్చి ఊపిరాడేలా కూర్చోబెట్టడం, షుగరు పెద్దమ్మలు ఆ దిండ్ల కిందే దాచుకున్న మైసూరుపాకు లాక్కోవడం, వాళ్ళ చేత తిట్లు తినడం, సాయంత్రానికి వాళ్ళ చేతే జడ వేయించుకోవడం! అంత హాయైన ఉద్యోగం మరొకటి లేదని నాకు ఇప్పటికీ నమ్మకం.

అల్లూరు వైపు సముద్రపొడ్డు పల్లె నుంచి చేపలమ్మే అక్క ఒకామె మెడ ముందు గడ్డతో చేరింది. ఊపిరికి అడ్డం పడుతోంది, తీయక తప్పదు. అయితే ఆ గడ్డ వెనకే గొంతు పలికించే నరం ఉంటుందనీ, దానికి దెబ్బ తగిలితే మాట పోవచ్చుననీ డాక్టరు గారు ముందే చెప్పారు. ఆమెకు గొంతే బతుకుతెరువు. వీధి మొదట్లో ఆమె కేక వేస్తే వీధి చివరి ఇంట్లో చింతపండు నానేసేవాళ్ళని ఆమె ఆడబిడ్డ గొప్పగా చెప్పేది.

ఆపరేషను బాగానే జరిగింది. మెలకువ రాగానే మాట్లాడించి చూడడం మా పని. పేరడిగాను, ఊరడిగాను, తలూపిందే తప్ప పెదవి కదపలేదు. డాక్టరు గారు అడిగినా అంతే. ఊపిరి సాఫీగా ఉంది, వేళ్ళలో తిమ్మిరి లేదు, పొలమారకుండా నీళ్ళు తాగుతూంది, మాట మాత్రం లేదు. ఎదురు మంచం అవ్వ ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగి మరీ బతిమాలింది. మర్నాటికీ అదే వరస. నాకు అన్నం సయించలేదు.

ఆ ఉదయం ఆడబిడ్డ అమ్మకానికి వెళుతూ, వదినను చూసిపోదామని వచ్చి, గంపను వరండాలో ఆమె మంచం పక్క కిటికీ కింద దించింది. ఇంకా బోణీ కాని గంప. ఎందుకు తోచిందో గానీ, నేను గబగబా వరండాలోకి వెళ్ళి ఒక వంజరం ఎత్తి, మొప్ప తెరిచి, ముక్కు చిట్లించి, ఇది నిన్నటి చేప, సగం ధరకైతే బోణీ చేస్తానన్నాను. ఆడబిడ్డ పాపం అమాయకురాలు, సరేనని తలూపబోయింది.

"నిన్నటి చేపంటావా సిస్టరమ్మా! మొప్ప చూడు ఎంత ఎర్రంగా ఉందో! మావోళ్ళు తెల్లారి వల లాగి తెచ్చినారు. ఆ రేటుకు నెత్తళ్ళు గూడా రావు, పో!"

కిటికీ లోంచి మొదటి మాట బొంగురుగా వచ్చింది, చివరి మాటకు వార్డు దద్దరిల్లింది. అవ్వలు దగ్గుతూ నవ్వారు, నవ్వుతూ దగ్గారు. నేను చేప పట్టుకునే ఏడ్చేశాను. ఈ గోలకు పరుగున వచ్చిన హెడ్ సిస్టరు నాకు చీవాట్లు పెట్టి, సంగతి తెలిశాక ఆ వంజరాన్ని నోరెత్తకుండా పూర్తి ధరకు తానే కొనుక్కుంది.

ఎందుకు పలకలేదక్కా అని తర్వాత అడిగితే, "నోరు తెరిచినాక గొంతు రాకపోతే? తెరవనంతసేపూ ఉందిలే అనుకోవచ్చు గదా" అంది. అంత ధైర్యం గల మనిషి లోపల అంత భయం దాచుకుందని తెలిసి, ఆమె చెయ్యి చాలాసేపు వదల్లేకపోయాను.

మొన్న గేటు దగ్గర పాత అలవాటు కొద్దీ వంజరం మొప్ప తెరిచాను. ఎర్రగా నిగనిగలాడుతూంది. అయినా నిన్నటిదన్నాను, సగం ధర అన్నాను. ఆటో అతను ఫోన్ లోంచి తల ఎత్తకుండానే కొంత తగ్గించి ఇచ్చేశాడు. పైన మైకులో గొంతు నా మాట విననే లేదు, తన పాటికి తాను వంజరం, చందువా అంటూనే ఉంది. ఎవరైనా ఒక్కసారి పో అంటారేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను. బేరం గెలిచి దిగులుగా ఇంట్లోకి రావడం నాకు అదే మొదటిసారి.