రైటరుగారి ఇల్లు

నిన్న సాయంత్రం మణికొండలో మా పదకొండో అంతస్తు బాల్కనీలో నించుని, ఎదురుగా లేస్తున్న ఇంకో అద్దాల మేడను మా ఆవిడ ఆవులిస్తూ చూస్తుంటే, ఒకప్పుడు ఈవిడ ఒక ఖాళీ స్థలాన్ని ఎలా చూసిందో గుర్తొచ్చింది.

తొంభైల చివర్లో మేం శేరిలింగంపల్లిలో కిరాయికుండేవాళ్లం. మాదాపూర్ వైపు, ఏనుగులు పక్కన నిలబడితే ఎలకల్లా కనపడేంతేసి బండరాళ్ల మధ్య మొదటి మేడలు లేస్తున్న కాలం. జనమంతా అవి చూడ్డానికి పోతుంటే, గోదావరి ఒడ్డు నుంచి వచ్చిన మా ఆవిడ మాత్రం పాత కోటలూ, రాసినవాళ్ల ఇళ్లూ చూపించమనేది. ఓరుగల్లు అవతల ఒక పాత ఊళ్లో, ఆవిడ పెళ్లికి ముందు నుంచీ ఆరాధిస్తున్న నవలాకారుడి ఇల్లుందట. పేరు చెప్పను, ఆయన అభిమానుల్లో ఒకరితో కాపురం చేస్తున్నవాణ్ణి. ఆయన పోయి చాలాకాలమైంది, ఇల్లు కూడా పడగొట్టేస్తారని ఎవరో అన్నారట. ఆయన రాసుకున్న గది ఒక్కసారైనా చూడకపోతే ఎలాగని ఆవిడ అన్నం మానేసింది. ఉప్మా మాత్రం మానలేదు.

మేఘాలకు కూడా దగ్గొచ్చేంత పొగ వదిలే మా స్కూటరు మీద బయల్దేరాం. భువనగిరి గుట్ట, ఆకాశం బోర్లించి మరిచిపోయిన మూకుడులాంటి ఆ ఒక్క రాయి, కనపడగానే ఆవిడ దిగి నిలబడిపోయింది. ఓరుగల్లు తోరణాల కింద నాక్కూడా హాస్యం తట్టలేదు. అంత బరువైన రాతిని అంత తేలిగ్గా నిలబెట్టినవాళ్ల ముందు ఏం మాట్లాడతాం?

ఆ ఊరు చేరాక నా తెలివి ప్రదర్శించాను. రచయిత అంటే వీళ్లకు తెలుస్తుందో లేదోనని, టీకొట్టు దగ్గర రైటరుగారి ఇల్లెక్కడని అడిగాను. వెంటనే పది చేతులు ఒకే వైపు లేచాయి. ఆ ఇంటి అరుగు నిండా జనం, చేతుల్లో కాగితాలు, బొటనవేళ్లకు సిరా. సాహిత్యం ఇంతగా అంటుకున్న ఊరు భూమ్మీద లేదనుకున్నాను.

“ఏవండీ, ఈ సిరా మరక చూశారా? నాయిక ఏడ్చే ఘట్టం ఇక్కడే రాసుంటారు,” అంటూ మా ఆవిడ లోపలి బల్లకు కళ్లు మూసుకుని దండం పెట్టింది.

కళ్లద్దాలాయన ఒకరు కలం ఆపి తలెత్తారు. “ఏందమ్మా, మేజకు మొక్కుతున్నరు? భూమి అమ్ముతరా, కొంటరా?”

ఆయన దస్తావేజులు రాసే రైటరు. సంగతి చెప్పగానే ఆయన మొహం దిగాలుపడింది. “అయ్యో, గా కథలు రాసే సారు ఇల్లా! ఆయన ఇల్లు నిరుడే కూలగొట్టిన్రు గదమ్మా.”

మా ఆవిడ అరుగు మీద కూలబడింది. ఏడవలేదు, అందుకే నాకు భయం వేసింది. ఆ పెద్దమనిషి జనాన్ని “జర ఆగుండ్రి” అని, చెప్పులు తొడుక్కుని మమ్మల్ని వెనక వీధిలోకి తీసుకెళ్లారు. అక్కడ గడ్డి, గడ్డిలో పునాదిరాళ్ల గీతలు.

“గిదే ఆయన రాసుకున్న అర్ర.”

“ఇంతేనా?” అన్నాను.

“గింతే సార్. చేతులు సాపితె గోడలు తాకుతుండె.”

మా ఆవిడ చెప్పులు విడిచి ఆ గీతల మధ్యకు వెళ్లి, రెండు చేతులూ చాపి, లేని గోడలను తాకింది. సైన్యాలు నదులు దాటిన నవలలు, వంద గదుల దివాణాల నవలలు, అన్నీ ఆ మంచమంత చోటులోంచి వచ్చాయి. గోరంత దాన్ని కొండంత చేసి హాస్యకథలు రాయడమే నా వృత్తి కదా, అక్కడ మాత్రం పెంచడానికి నాకేమీ మిగల్లేదు.

“చాలండీ, చూసేశాను,” అంది ఆవిడ.

ఇప్పుడు మా ఫ్లాటులో నా రాతకని క్రికెట్ ఆడుకునేంత గది ఉంది, అందులో బట్టలు ఆరేస్తున్నాం. ఈ కథ మాత్రం వంటింటి పక్క సామాన్ల గదిలో, బియ్యం డబ్బాకూ గోడకూ మధ్య ఇరుక్కుని రాశాను. అయినా రెండు పేజీలు దాటలేదు.